పీటల మీద పించ్ హిట్టర్

మా ఇంట్లో పొగ అలారానికి ఇంగువ పడదు. ఆవాలు చిటపటలాడుతున్నంతసేపు ఓర్చుకుంటుంది. ఎండుమిరపకాయ వేసినా కాసేపు ఆలోచిస్తుంది. ఇంగువ చిటికెడు పడిందా, ఇక వీధంతా వినపడేలా అందుకుంటుంది. నాటింగ్‌హామ్‌కి వచ్చిన కొత్తలో, దాని పని అది చేసుకుంటోందిలే అని గౌరవించాను. తర్వాత చూస్తే, బ్రెడ్డు బొగ్గయ్యేలా మాడినా అది నోరు మెదపదు. అంటే దాని బాధ పొగ గురించి కాదు. ఈ సంగతి కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి రాస్తే ఏమంటారో తెలుసు కాబట్టి రాయలేదు. మా ఆవిడ పోపు వేస్తున్నప్పుడల్లా నేను హాల్లో అలారం కింద నిలబడి తువ్వాలు ఊపుతాను. పెళ్ళయ్యాక నేను నేర్చిన విద్యల్లో మా ఆవిడ నలుగురిలో చెప్పుకునేది ఇదొక్కటే.

తువ్వాలు ఊపడం కాక నాకు ఈ ఊళ్ళో ఇంకో ఉద్యోగం కూడా ఉంది. రావలసినవాళ్ళు రానప్పుడు నేను వెళతాను.

చెవులు కుట్టించేటప్పుడు పిల్లల్ని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. మేనమామలేమో ఒంగోల్లోనో విజయవాడలోనో ఉంటారు. వాళ్ళకి వీసా దొరికితే సెలవు దొరకదు, సెలవు దొరికితే వీసా దొరకదు. ఇక్కడ షాపింగ్ సెంటర్లో చెవులు కుట్టే అమ్మాయి చేతికి గ్లవ్స్ తొడుక్కుని ఎదురుచూస్తూ ఉంటుంది. అప్పుడు నాకు ఫోనొస్తుంది. అలా నా ఒళ్ళో కూర్చుని గుక్కపట్టి ఏడ్చిన పిల్లలు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు. కొందరు ఇప్పుడు నాకంటే పొడుగయ్యారు. బజారులో ఎదురుపడితే "హాయ్ అంకుల్" అని మర్యాదగానే అంటారు గానీ, వాళ్ళకి తెలియకుండానే చెయ్యి చెవి మీదికి పోతుంది. ఒక ఉగాదికి పంతులుగారు హైవే మీద ఇరుక్కుపోతే పంచాంగ శ్రవణం కూడా నేనే చేశాను. అన్ని రాశులకీ రాజపూజ్యం కాస్త పెంచి చదివాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నేను చేసే ఈ పనికి ఒక పేరుందని ఆఫీసులో తెలిసింది. మా టీములో ఒక అమెరికన్ ఉన్నాడు. అప్పట్లో అతను వీడియో మీటింగుల్లో తప్ప కనిపించేవాడు కాదు. ఒకసారి క్లయింటు ముందు మాట్లాడవలసిన మనిషికి జ్వరం తగిలితే నన్ను పంపారు. పని పూర్తయ్యాక అమెరికన్ అందరూ వింటుండగా నన్ను "మా పించ్ హిట్టర్" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. ఇక్కడివాళ్ళకి బేస్‌బాల్ తెలియదు. చిన్నప్పుడు స్కూల్లో దానికి చుట్టమైన రౌండర్స్ అనే ఆట ఆడి ఉంటారు, అది కూడా వానలో. కానీ తెలియని మాటకి తెలిసినట్టు తలూపడంలో వీళ్ళకి సాటి లేదు, మనవాళ్ళు తప్ప.

నేను మాత్రం తెలిసే తలూపాను. లేదా తెలుసనుకుని ఊపాను. ఆ మాట మాకు క్రికెట్ కామెంటరీలోంచి వచ్చింది. మా కాలేజీ రోజుల్లో, మొదటి పదిహేను ఓవర్లలో ఫీల్డర్లు దగ్గరగా ఉంటారు కాబట్టి, కింద ఎక్కడో ఆడవలసినవాణ్ణి ముందుకు తెచ్చి, నీ ఇష్టమొచ్చినట్టు బాదుకో పొమ్మని పంపేవారు. వాణ్ణి పించ్ హిట్టర్ అనేవారు. హాస్టల్ టీవీ గదిలో వాడంటే మా అందరికీ ప్రాణం. బాదితే హీరో. అవుటయితే, పాపం వాడి పని అది కాదుగా అని సరిపెట్టుకునేవాళ్ళం. బాధ్యత లేని గౌరవం. అలాంటి ఉద్యోగం కోసమే నేను ఇంజనీరింగ్ చదివాను. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే, "అంటే బదిలీ మనిషనేగా?" అంది. ఆవిడ హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తుంది. దేన్నయినా కంపెనీ పెట్టిన పేరుతో కాక, లోపలున్న అసలు మందు పేరుతోనే పిలుస్తుంది.

తర్వాత కొన్నాళ్ళకి ఆ అమెరికన్ పని మీద నాటింగ్‌హామ్ వచ్చాడు. క్యాంటీన్లో ఇద్దరం కూర్చుంటే మా క్రికెట్ పించ్ హిట్టర్ గురించి గొప్పగా చెప్పాను. అంతా విని, మా ఆటలో అలా కాదన్నాడు. క్రికెట్లో ముందుకొచ్చినవాడూ ఆ పదకొండుమందిలో ఒకడే. వాడి కోసం వెనక్కి జరిగినవాడు తర్వాత వచ్చి ఆడతాడు, అంతా ఒక ఇంటివాళ్ళే. బేస్‌బాల్లో పించ్ హిట్టర్ అంటే బయట బెంచీ మీదనుంచి లేచి వచ్చినవాడు. వాడు వచ్చాడంటే, వాడు ఎవరి చోట వచ్చాడో ఆ మనిషికి ఆ రోజు ఆట అయిపోయినట్టే. మళ్ళీ లోపలికి రానివ్వరు. బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టుకోవలసిందే.

చాలా కఠినంగా ఉందే అన్నాను. అందుకే ఆలోచించి పంపుతారు అన్నాడు. ఆ తర్వాత చిప్స్ మీద వెనిగర్ ఎందుకు పోస్తారని అడిగాడు. నాకు తెలియదు. తెలిసినట్టు తలూపాను.

నన్ను అన్నయ్యా అని పిలిచే అమ్మాయి ఒకామె ఉంది. మా ఆవిడ పనిచేసే హాస్పిటల్లోనే ఎక్స్‌రేలు తీస్తుంది. వాళ్ళది చీరాల. ఈ దేశం వచ్చిన కొత్తలో కొన్ని నెలలు మా ఇంట్లోనే, సూట్‌కేసు తెరవాలంటే మంచం ఎక్కి కూర్చోవలసిన చిన్న గదిలో ఉంది. పెళ్ళి అయింది, నిలవలేదు. ఆ సంగతి వాతావరణం గురించి చెప్పినట్టు ఒక్క వాక్యంలో చెప్పేస్తుంది. అడిగినవాళ్ళకి రెండో ప్రశ్న అడిగే వీలుండదు.

ఆ తర్వాత చాలా అద్దె ఫ్లాట్లు మారింది. ఒక ఇంటాయన వేపుళ్ళు చెయ్యొద్దన్నాడు. ఇంకొకావిడ గోడకి మేకు కొట్టొద్దంది. అందుకని దేవుడి పటాన్ని మైక్రోవేవ్‌కి ఆనించి పెట్టుకునేది. పాలు వెచ్చబెట్టుకున్నప్పుడల్లా దేవుడు కొంచెం వణికేవాడు. కార్పెట్‌కి వాసన పడుతుందన్నారని ఇంకో ఇంట్లో పోపు లేని పప్పే తింది. మా ఇంటికి ఎప్పుడొచ్చినా మా ఆవిడ పోపు గరిటె తీస్తుంటే ఈ అమ్మాయి సినిమా చూస్తున్నట్టు పక్కన నిలబడేది. అలారం మోగినప్పుడు ఈ ఊళ్ళో నవ్విన మనిషి తనొక్కతే.

కిందటేడు సొంతంగా ఫ్లాట్ కొనుక్కుంది. రెండు గదులు, ఒక హాలు, కిటికీలోంచి చూస్తే ట్రామ్. ఆ వారమే మా ఇంటికొచ్చి, గృహప్రవేశానికి మీరూ వదినా పీటల మీద కూర్చోవాలి అన్నయ్యా అని అడిగింది. వాళ్ళ అమ్మగారి కోరిక అది. చీరాలలో ఉన్న ఆవిడ, ఒంటి ఆడపిల్ల పీటల మీద కూర్చుంటే ఏం బాగుంటుంది, దంపతుల చేత చేయించు అన్నారట. ఒకసారి పెళ్ళి పీటలు కలిసిరాలేదు కాబట్టి, ఈసారి ఏ లోటూ జరక్కూడదని ఆవిడ భయం. అమ్మ మనసు కష్టపెట్టడం దేనికి అంది అమ్మాయి, కెటిల్ వైపు చూస్తూ.

నేను వెంటనే సరేనన్నాను. నాకు అలవాటైన పనేగా. తనని దింపేసి వస్తుంటే కార్లో మా ఆవిడ, "దానికి ఇష్టమో కాదో కనుక్కున్నారా?" అంది. అడిగిందే తను కదా అన్నాను. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూడసాగింది. మా కార్లో అది జవాబు కిందే లెక్క.

ముహూర్తం శనివారం పొద్దున్న. పంతులుగారు లెస్టర్ నుంచి వచ్చారు. పంచె మీద దూది కుక్కిన నల్ల జాకెట్టు వేసుకుని, చేతిలో పార్కింగ్ టికెట్ పట్టుకుని బిల్డింగులోకి రాగానే, రెండు గంటల్లో కారు తియ్యాలన్నారు. హోమం వద్దనుకున్నాం. లిఫ్టు పక్కన, అలారం మోగితే బిల్డింగంతా ఖాళీ చేసి కార్ పార్క్‌లో నిలబడాలని కాగితం అంటించి ఉంది. ఇరుగుపొరుగుతో తొలి పరిచయం అలా వద్దనుకున్నాం. ఆవు సంగతి ఎవరూ ఎత్తలేదు. లిఫ్టు చిన్నది.

మా ఆవిడ దేవుడి పటం పట్టుకుంది, నేను పాలగిన్నె పట్టుకున్నాను. ఇద్దరం కుడికాలు పెట్టి గుమ్మం దాటాం. ఆ గిన్నె ఇత్తడిది, వాళ్ళ అమ్మగారు ఎవరో వస్తుంటే ఇచ్చి పంపినది. వెనకాల పంతులుగారు, ఆయన వెనకాల అమ్మాయి. తన చేతిలో ఫోను, ఫోన్లో అమ్మగారు. ఇంటి తాళాలు పంతులుగారు అడిగి తీసుకుని, పళ్ళెంలో పసుపు కుంకుమల మధ్య పెట్టించారు.

పీటలని అంటున్నాను గానీ, అక్కడున్నది యోగా చాప. దాన్ని మడిచి మీద కొత్త తువ్వాలు పరిచారు. మేమిద్దరం కూర్చున్నాం. దీపం వెలిగించాం. పంతులుగారు సంకల్పం మొదలుపెట్టి, మేరువునుంచి దిక్కులు చెప్పుకుంటూ వచ్చి, ట్రెంట్ నదికి ఉత్తర తీరాన అని సంస్కృతంలోనే, ఏమాత్రం తడుముకోకుండా అన్నారు. ఆ తర్వాత ఆగి, "గోత్రం చెప్పండి" అన్నారు నాతో.

నోరు తెరవబోతూ ఎందుకో వెనక్కి చూశాను. ఇల్లు కొన్న మనిషి ఫ్రిజ్‌కి వీపు ఆనించి, రెండు చేతులతో ఫోను ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. చేతులు నొప్పెట్టి అప్పుడప్పుడు భుజాలు కదుపుతోంది. ఆ ఫోన్లోంచి చీరాలకి ఏం కనిపిస్తోందో ఊహించుకున్నాను. నేను కనిపిస్తాను. మా ఆవిడ కనిపిస్తుంది. దేవుడు, దీపం, బహుశా రెండు అరటిపళ్ళు. అమ్మాయి మాత్రం కనిపించదు. నన్ను చూసి నవ్వింది. చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ లేవు గానీ, ఉంటే కొట్టేదే.

సరిగ్గా అప్పుడు నాకు అమెరికన్ చెప్పిన బెంచీ, దాని వెనకే చిప్స్ మీద వెనిగర్ గుర్తొచ్చాయి.

పంతులుగారూ, మోకాలు పట్టేసిందండీ అని లేచాను. ఇప్పుడేగా కూర్చున్నారు అన్నారాయన. మా ఆవిడ నా మోకాళ్ళ వైపు చూసింది. వాటి సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు. ఒక్క క్షణం ఆగి, "నాక్కూడానండీ" అని తనూ లేచింది. ఇన్నేళ్ళ కాపురంలో మా ఇద్దరికీ ఒకేసారి ఒకే జబ్బు రావడం అదే మొదలు.

"నువ్వు కూర్చోమ్మా. ఫోన్ ఇటివ్వు, నేను పట్టుకుంటా" అన్నాను.

అమ్మాయి కదల్లేదు. ఫోన్లోంచి అమ్మగారు, ఏమైంది, ఎందుకు లేచారు, ఎవరికైనా కళ్ళు తిరిగాయా అని అడుగుతున్నారు. నేను పంతులుగారి వైపు చూశాను. ఆయన గడియారం చూసుకుని, ఇల్లెవరిదైతే వాళ్ళు కూర్చోవచ్చు, దంపతులు కావాలన్నది అమ్మగారి మాట, నేను కాదనలేదు, అంతే అన్నారు. సంకల్పానికి తనకి ఒక పేరు కావాలి, ఒక గోత్రం కావాలి, ఎవరివైనా ఇబ్బంది లేదు. కారు మాత్రం తియ్యాలి.

అమ్మాయి ఫోను తన వైపు తిప్పుకుంది.

"అమ్మా, నేను కూర్చుంటానే."

"ఒక్కదానివా?"

"ఒక్కదాన్నే. ఇందులో ఉండబోయేది కూడా ఒక్కదాన్నేగా."

"మళ్ళీ ఏదన్నా అయితేనో?"

"అయితే నా ఇంట్లో అవుద్ది. ఖాళీ చెయ్యమని ఎవడూ రాడు."

 ఫోన్లో అమ్మగారి మొహం ఎంతకీ కదలకపోయేసరికి నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాం. దీపం వత్తి సరిచేసే నెపంతో మా ఆవిడ అటు తిరిగింది. పంతులుగారు కూడా టికెట్ చూసుకోవడం మానేశారు. చివరికి ఆవిడ గొంతు సవరించుకుని, మామూలుగా, కూరగాయలవాడితో మాట్లాడినట్టు మాట్లాడారు.

"అట్టయితే గడప కూడా నువ్వే ముందు దాటాలి. వాళ్ళు దాటింది లెక్కలోకి రాదు. బయటికి పోయి మళ్ళా రా."

బేస్‌బాల్లో ఇది కుదరదు. చీరాలలో కుదురుతుంది.

అందరం బయటికి వచ్చాం. పటం ఇప్పుడు అమ్మాయి చేతిలో ఉంది, ఫోను నా చేతిలో ఉంది. అందరం వచ్చేశాక వెనకాల తలుపు మూసుకుంది. కొత్త బిల్డింగుల్లో ప్రతి తలుపూ ఫైర్ డోరే. ఎవరూ ముట్టుకోకుండానే మెత్తగా, మర్యాదగా మూసుకుపోతుంది, తాళం కూడా అదే వేసుకుంటుంది. తాళాలు లోపల పళ్ళెంలో, పసుపు కుంకుమల మధ్య ఉన్నాయి. దీపం కూడా లోపలే వెలుగుతోంది. పంతులుగారి జాకెట్టు లోపల ఉంది, ఆ జాకెట్టు జేబులో ఆయన కారు తాళం ఉంది. ఆయన మొహంలో మొదటిసారిగా భక్తి కనిపించింది. నేను అలారం గురించి ఆలోచించాను. మా ఆవిడ నా గురించి ఆలోచిస్తున్నట్టు అనిపించింది.

అమ్మాయి కంగారుపడలేదు. పటం చంకలో పెట్టుకుని, బొడ్లో దోపుకున్న చిన్న పర్సులోంచి ఇంకో తాళం తీసింది.

"ఇన్నేళ్ళు అద్దెకున్నా అన్నయ్యా. ఒంటిమీద తాళం లేకుండా గుమ్మం దాటను" అంది.

తలుపు తీసింది. పటం రెండు చేతుల్లోకి తీసుకుంది, కుడికాలు లోపల పెట్టింది. కుడికాలేనా, నాకు కనపడలా, ఆయన ఫోను పైకెత్తి పట్టుకున్నాడు అని అమ్మగారు ఫిర్యాదు చేశారు. కుడికాలేనని నలుగురం సాక్ష్యం చెప్పాం.

ఈసారి సంకల్పంలో గోత్రం అడగ్గానే వాళ్ళ నాన్నగారి గోత్రం చెప్పింది, మధ్యలో దారి తప్పిన ఇంకో గోత్రం ప్రసక్తి లేకుండా. తన పేరు పంతులుగారి నోట పూర్తిగా, ఇంటిపేరుతో సహా వినిపించింది. అది విని అమ్మాయి వెన్ను ఇంకొంచెం నిటారు చేసుకుంది. అంతకుమించి ఏమీ జరగలేదు.

పాలు పొంగించే దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. ఆ ఇంట్లో ఉన్నది ఇండక్షన్ పొయ్యి. దానికి ఇత్తడి ఆనదు. చీరాల గిన్నె పెడితే గిన్నె లేదన్నట్టు లైటు ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చుంది. మా ఆవిడ ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ తీసి, అట్టపెట్టెల్లో ఉన్న గిన్నెలన్నిటికీ అంటించి చూసి, అంటుకున్న ఒక స్టీలు గిన్నె పట్టుకొచ్చింది. అలా ఆ రోజుకి నా ఉద్యోగం ఆ స్టీలు గిన్నె చేసింది. పాలు పొంగాయి. పొంగి గాజు మీద పడగానే పొయ్యి కీచుమని తనంతట తానే ఆగిపోయింది. ఏ వైపుకి పొంగాయని అమ్మగారు అడిగారు. పంతులుగారు జాకెట్టు వేసుకుంటూ, అటు చూడకుండానే, తూర్పే అన్నారు. పొంగిన పాలలో కాస్త ఇత్తడి గిన్నెలో పోసి నైవేద్యం పెట్టారు. చీరాల వైపునుంచి ఇక అభ్యంతరాలు రాలేదు.

పంతులుగారు టైముకే కారు తీశారు. మేం భోజనానికి ఉండిపోయాం. ఫోన్ని కెటిల్‌కి ఆనించి పెట్టారు. అమ్మగారికి ఇప్పుడు వంటగది అంతా కనిపిస్తోంది. మీటల దగ్గర పడిన పాలు మాత్రం చీరచెంగుతో తుడిచేసి, అమ్మాయి పక్క పొయ్యి మీద మూకుడు పెట్టింది. నూనె పోసింది, ఆవాలు వేసింది, ఎండుమిరపకాయలు తుంచి వేసింది. మా ఆవిడ ఇంగువ డబ్బా మూత తీసి అందించింది. వదినా, ఎంతెయ్యను అని అడిగితే, నీ ఇష్టం అంది మా ఆవిడ. అమ్మాయి చిటికెడు వేసి, ఒక్క క్షణం ఆగి, ఇంకో చిటికెడు వేసింది.

నేను అప్పటికే యోగా చాప మీది తువ్వాలు తీసుకుని, హాల్లో అలారం కింద నా చోట నిలబడ్డాను. నాకు తెలిసిన విద్య అది. ఆ వాసన వంటగది దాటి, హాలు దాటి, కొత్త కార్పెట్ మీదుగా పడకగదిలోకి వెళ్ళింది. అమ్మాయి వెళ్ళి ఆ గది తలుపు కూడా బార్లా తెరిచింది, వాసనకి అడ్డమెందుకన్నట్టు. అలారం మోగలేదు. నా వల్లేనని నేననుకుంటున్నాను.

పప్పులో పోపు పడిన చప్పుడుకి అమ్మగారు ఫోన్లోంచి ముందుకు వంగారు. కూతుర్ని చూశారు, మూకుణ్ణి చూశారు, పక్కన గాజు మీద అట్టకడుతున్న పాలని చూశారు. ఆ తర్వాత వెనకాల హాల్లో, తువ్వాలు పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డ నన్ను చాలాసేపు చూశారు.

"ఆయన ఊరికే నిలబడ్డాడుగా, చేతిలో గుడ్డ కూడా ఉంది. ఆ పొయ్యి తుడవమనమ్మా."